అతిథికి చూపించేదీ, అతిథి చూడవలసిందీ

పరదేశపు సమాజాన్ని కొద్ది వారాల్లో, కొద్ది నెలల్లో అధ్యయనం చేయటం సాధ్యమా అన్న చర్చ మన కళాశాలల్లో ఈమధ్య వినిపిస్తున్నది. బెల్లంపల్లివంటి గనుల పట్టణంలో కూడా విద్యార్థులు విదేశీ విశ్వవిద్యాలయాల స్వల్పకాలిక చదువుల గురించి ఆరా తీస్తున్నారు. ఇండొనేషియా ప్రభుత్వం స్థాపించిన "దర్మసిస్వ" పథకం అట్లాంటిది. 1974లో ఆగ్నేయాసియా విద్యార్థులకోసం మొదలై, 1976నుంచి ఇతర దేశాలకు విస్తరించిన ఈ పథకంలో పట్టా ఏమీ రాదు. ఆరు నెలలో, ఏడాదో అక్కడ వుండి భాష, నృత్యం, గామెలాన్ వాద్యం, బాతిక్ అద్దకం, తోలుబొమ్మలాట నేర్చుకుంటారు. ఇంతకంటే పొట్టివి, వారాల లెక్కన సాగే తరగతులు కూడా వున్నాయి. వీటిని విహారయాత్రలని కొట్టిపారేసే మిత్రులతో నేను ఏకీభవించను. పదేళ్ళు వున్నా చూడదలచనివాడు చూడడు. నా సందేహం వేరు. ఆహ్వానించిన ప్రభుత్వం తన చరిత్రలో ఒక అధ్యాయాన్ని మూసిపెట్టినప్పుడు, దాని విషయంలో అతిథికి బాధ్యత ఏమైనా వుంటుందా?

ముందు నేర్పేదాన్ని చూద్దాం. జావావారి నీడబొమ్మలాటను "వాయాంగ్ కులిత్" అంటారు. బొమ్మలు గేదె తోలువి. ఆడించే "దలాంగ్" ఒక్కడే రాత్రంతా అన్ని పాత్రలకూ గొంతు ఇస్తాడు. కథలు ఎక్కువగా భారత రామాయణాలవి. మనవాళ్ళు సాధారణంగా ఇక్కడే ఆగిపోతారు. మన రామాయణం అంతదూరం వెళ్ళిందని మురిసిపోతారు. 1920లలో కలకత్తాలో "బృహత్తర భారతం" పేరిట బయలుదేరిన పండితుల ధోరణి ఇదే. ఆ ద్వీపాలు మన సంస్కృతికి వలసలన్నట్లు రాశారు. తన ముఖం తాను చూసుకోవటానికి ఇంత సముద్రం దాటనక్కరలేదు.

జావా ఆటలో అర్జునుడి వెంట సెమార్ అనే బానపొట్ట ముసలి సేవకుడూ, అతని కొడుకులు గారెంగ్, పెత్రుక్, బాగోంగ్‌లూ వుంటారు. వ్యాసుడికి వీళ్ళెవరో తెలియదు. సెమార్ సేవకుడి రూపంలో వున్న దేవుడు. దొరలకు బుద్ధి చెప్పేది అతడే. మన తోలుబొమ్మల్లో జుట్టుపోలిగాడు, బంగారక్క, కేతిగాడు ఏ పురాణంలోనుంచి వచ్చారు? రాజుల కథలోకి జనం తమ మనుషుల్ని తామే చొప్పించుకున్నారు, అక్కడా ఇక్కడా. ఈ పోలిక కళ్ళబడ్డ తెలుగు విద్యార్థికి నెల రోజులు వృథా కావు.

అయితే ఆ దలాంగులలో కొందరు 1965 తర్వాత జైళ్ళలో మగ్గారు. ఇది సంస్కృతి పాఠంలోకి సాధారణంగా రాదు. 1965నాటికి ఇండొనేషియా కమ్యూనిస్టు పార్టీకి దాదాపు 30 లక్షల సభ్యులుండేవారు. సోవియట్ యూనియన్, చైనా వెలుపల అంత పెద్ద పార్టీ మరొకటి లేదు. ఆ సెప్టెంబరు 30 రాత్రి ఆరుగురు సైన్యాధిపతులు అపహరణకు గురై హతులయ్యారు. నేరమంతా పార్టీమీద మోపి సుహార్తో నాయకత్వాన సైన్యమూ, దాని అండ దొరికిన ముఠాలూ సాగించిన హత్యాకాండలో కనీసం అయిదు లక్షలమంది చనిపోయారని చరిత్రకారులు ఎక్కువమంది అంటారు. 1950 ఆగస్టు 17న స్థాపితమైన "లెక్రా" అనే ప్రజా సాంస్కృతిక సంస్థ, 1943లో తెనాలిలో మనవాళ్ళు పెట్టుకున్న సంఘంవంటిదే, అణగదొక్కబడింది. ఆ సంస్థకు చెందిన ప్రముఖ నవలాకారుడు ప్రమూద్య అనంత తూర్ విచారణ లేకుండా 1965నుంచి 1979వరకు నిర్బంధంలో వున్నాడు. అందులో పదేళ్ళు బురు ద్వీపంలో. కాగితమూ కలమూ ఇవ్వని రోజుల్లో తన నవలను తోటి ఖైదీలకు నోటితో చెప్పాడు. అది "బూమి మనుసియా" పేరుతో 1980లో అచ్చయింది; మరుసటి ఏడే నిషేధించారు.

"గెంజెర్" అని ఒక ఆకుకూర వుంది. బురద మళ్ళలో, నీళ్ళలో దానంతటది పెరుగుతుంది, బీదల కూర. 1942లో, జపాను ఆక్రమణ కాలపు ఆకలిలో, తూర్పు జావా కవి మహమ్మద్ ఆరిఫ్ దానిమీద పాట కట్టాడు. తర్వాత వామపక్ష సభల్లో ఆ పాట పాడారన్నదే పాపం; సుహార్తో ప్రభుత్వం దాన్ని నిషేధించింది, కవి ఆ హత్యాకాండకే బలి అయ్యాడు. ఆ కూర వండటం అతిథికి నేర్పటానికి ఎవరికీ అభ్యంతరం వుండదు.

ఇంటికి పిలిచి అన్నం పెట్టినవాళ్ళ గుట్టు అడగటం మర్యాదేనా అన్న ఆక్షేపణ వుంది. దీన్ని తేలిగ్గా తోసివేయకూడదు. అతిథి చేతిలో తిరుగు టిక్కెట్టు వుంటుంది. పాఠం చెప్పిన అధ్యాపకుడూ, గది అద్దెకిచ్చిన ఇల్లాలూ అక్కడే వుంటారు. 2023 జనవరి 11న అధ్యక్షుడు జోకో విడోడో 1965-66 హత్యలను తీవ్రమైన మానవహక్కుల ఉల్లంఘనగా ఒప్పుకుని విచారం ప్రకటించిన మాట నిజం. కాని కమ్యూనిస్టు సిద్ధాంత ప్రచారంమీద 1966లో పెట్టిన నిషేధాన్ని ఎత్తివేయలేదు. కాబట్టి బయటివాడి ధైర్యానికి మూల్యం ఇంకొకరు చెల్లించవలసి రావచ్చు. నలుగురిలో అడగకుండా వుండటం న్యాయమే కావచ్చును. అయితే అడగకూడదు కనుక తెలుసుకోనక్కరలేదు అనుకోవటం ఎక్కడి తర్కం? నోటి మౌనానికి కారణం మర్యాద కావచ్చు. బుద్ధి కూడా మౌనం వహిస్తే దానికి కారణం సోమరితనమే.

పెద్ద పండితులు కూడా ఇక్కడ పరీక్షకు నిలిచారు. క్లిఫర్డ్ గీర్ట్జ్ 1958లో బాలి గ్రామంలో కోడిపందాలు చూసి, 1972లో దానిమీద ప్రసిద్ధ వ్యాసం ప్రకటించాడు. పందెంలోని ప్రతిష్ఠ, పగ, వంశాల పోరు ఎంతో సూక్ష్మంగా విప్పాడు. 1965 డిసెంబరులో రెండు వారాల్లో బాలిలో నలభైనుంచి ఎనభై వేలమంది హతులైన సంగతి వ్యాసం చిట్టచివరి అధోజ్ఞాపికలో వుంది. బెనెడిక్ట్ ఆండర్సన్ దారి వేరు. 1960ల ఆరంభంలో జావాలో వుండి భాష పట్టుబడేదాకా నేర్చుకున్నవాడు; 1966లోనే సహచరులతో కలిసి సైన్యం చెప్పిన కథను సందేహిస్తూ నివేదిక రాశాడు. 1972లో ఆయనను వెళ్ళగొట్టారు. 1998లో సుహార్తో దిగిపోయేదాకా మళ్ళీ రానివ్వలేదు. ఆ ద్వీపాన్ని ప్రేమించినందుకే దానికి దూరమైనాడు. గీర్ట్జ్ అబద్ధమాడాడని నేను అనటం లేదు. నిజాన్ని పేజీలో ఏ మూల పెట్టామన్నది కూడా నీతికి సంబంధించిన విషయమే.

గనికార్మికుల బిడ్డలు చూడవలసిన చోటు మరొకటి వుంది: పశ్చిమ సుమత్రాలోని సావాలుంతో. అక్కడి ఒంబిలిన్ బొగ్గు గనుల్లో డచ్చివారు ఖైదీలను సంకెళ్ళతో తెచ్చి పని చేయించారు. "ఒరాంగ్ రాంతాయ్", అంటే గొలుసు మనుషులు, అనేవారు వాళ్ళను. 2019లో యునెస్కో ఆ గనిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది; పాత సొరంగంలోకి సందర్శకులు దిగి చూడవచ్చు. చాలా భూగర్భ గనులు మూతపడ్డ మన బెల్లంపల్లినుంచి వెళ్ళినవాడికి ఆ చీకటి కొత్త కాదు. పరాయి పాలకుడు వేసిన గొలుసును అద్దాల పెట్టెలో పెట్టి చూపటం ప్రతి ప్రభుత్వానికీ సుఖంగానే వుంటుంది. స్వతంత్ర ప్రభుత్వం బురు ద్వీపంలో నడిపిన నిర్బంధం సంగతి వచ్చేసరికి ఆ సుఖం వుండదు.

మనం వాళ్ళకు పాఠం చెప్పబోయేముందు మన జిల్లా వైపు చూసుకోవాలి. ఆదిలాబాదుకు వచ్చే అతిథికి మనం ఏమి చూపిస్తాం? నెమలి ఈకల కిరీటాలతో గుస్సాడీ చూపిస్తాం. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ వచ్చిందనీ చెబుతాం. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో భూమి పట్టాలకోసం సభకు వచ్చిన గోండులమీద పోలీసులు కాల్పులు జరిపారనీ, ప్రభుత్వం 13 మంది అన్నదనీ, జనం లెక్క దానికి ఎన్నో రెట్లనీ, ఏళ్ళతరబడి ఆ తేదీన స్తూపం దగ్గర నిషేధాజ్ఞలు వుండేవనీ చెబుతామా?

ఆ మార్లవాయిలోనే ఒకప్పుడు ఒక పరదేశి నివసించాడు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం హతుడైన తర్వాత, గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవటానికి నిజాం ప్రభుత్వం నియమించిన హైమండార్ఫ్ ఆయన. జీతం నిజాంది. అయినా గోండీ నేర్చుకుని, వాళ్ళ భూములు పరులపాలు ఎట్లా అవుతున్నాయో ఆ ప్రభుత్వానికే రాసి ఇచ్చాడు. సర్కారు ఉద్యోగిగా ఆయనకు పరిమితులు లేకపోలేదు. కాని తాను ఎవరికి ఋణపడ్డాడో ఆయనకు తెలుసు.

జావా వెళ్ళే విద్యార్థి ప్రమూద్య నవల ఒకటి ముందే చదివి వెళ్ళాలి. బాతిక్ కంటే ముందు భాష పట్టాలి. ముసలివాళ్ళు తమంతట తాము చెప్పేది వినగలిగేటంత అయినా. రేపు జోగ్యకర్తానుంచి ఒక విద్యార్థి మన దగ్గరికి వస్తే గుస్సాడీ చూపించటానికి మార్లవాయి తీసుకువెళ్తాం. ఆదిలాబాదునుంచి బండి ఇంద్రవెల్లి మీదుగానే పోతుంది. అక్కడ ఆపమని అతడు అడగలేడు, అతనికి ఆ పేరే తెలియదు.