నీడకు వయసు తక్కువ

డోన్ దగ్గరి ఒక పల్లె. బడి వరండాలో బల్ల వేసి బీపీలు చూస్తున్నారు. తన వంతు వచ్చిన అవ్వ కుర్చీలో కూర్చోగానే ఏఎన్ఎం పట్టీ చుట్టడానికి రవిక చేతిని భుజం దాకా పైకి తోసింది. మోచేతి కింద చర్మం నల్లబడి, మందమై, అడ్డంగా నిలువుగా గీతలు పడి ఉంది. రవిక కింద ఉన్న చర్మం మాత్రం నున్నగా, లేతగా, ఒక్క ముడత లేకుండా ఉంది. రెంటికీ మధ్య దూరం బెత్తెడు. అంచు తగిలే చోట రంగు గీసినట్టు మారిపోయింది. నేను చూస్తున్నానని గమనించి అవ్వ కొంగు లాక్కుంది. "ఎండకు ఎండీ ఎండీ ఇట్లయినాయి సారూ. నేనేమంత ముసిల్దాన్ని గాదు" అంది.

ఆ మాట నన్ను వదల్లేదు. ఆ చెయ్యి మొత్తం ఒకే రోజు పుట్టింది. ఒకే కూడు తింది, ఒకే దుఃఖం పడింది. అయినా ఒకే చేతికి రెండు వయసులున్నాయి. మరి ఆమె అసలు వయసు ఏ చర్మాన్ని చూసి చెప్పాలి?

చర్మవైద్యులు ముసలితనాన్ని రెండుగా విడదీస్తారు. ఒకటి లోపలినుంచి వచ్చేది. చర్మానికి బిగువునిచ్చే కొల్లాజెన్ ఏటేటా కొంచెం తగ్గుతుంది, సాగదీస్తే తిరిగి వెనక్కి లాగే ఎలాస్టిన్ సడలుతుంది, చెంపల కింది కొవ్వు జారుతుంది. ఇది రాజుకూ కూలికీ సమానమే. రెండోది బయటినుంచి వచ్చేది. అందులో పెద్ద వాటా ఎండది. మిగిలినదాంట్లో బీడీ పొగ ఒకటి. ఎండలోని యూవీ-బీ కిరణాలు పైచర్మాన్ని కమిలిస్తాయి. యూవీ-ఏ లోపలి పొరదాకా దిగి, కొల్లాజెన్‌ను తెంచే ఎంజైములను రెచ్చగొడుతుంది. దీనికి మబ్బు పెద్ద అడ్డు కాదు, కిటికీ అద్దమూ కాదు. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ ఒక ఫొటో వేసింది. అందులో ఉన్నది 28 ఏళ్ళు సరుకుల బండి నడిపిన 69 ఏళ్ళ మనిషి. అమెరికాలో డ్రైవరు ఎడమ పక్క కూర్చుంటాడు కాబట్టి ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప అతని తమ్ముడిదేమో అన్నట్టుంది. మన డోన్ మీదుగా పోయే 44వ నంబరు హైవేలో ఏ దాబా దగ్గరైనా కాసేపు ఆగి, ఏళ్ళుగా లారీ తోలుతున్నవాళ్ళ కుడి చెంపలను చూడండి.

నల్లని చర్మానికి మెలనిన్ కొంత గొడుగు పడుతుంది. అందుకే తెల్లవాళ్ళతో పోలిస్తే మనకు ముడతలు ఆలస్యంగా వస్తాయి, మంగు మచ్చలు ముందొస్తాయి. ఆ గొడుగు ఉండి కూడా అవ్వ ముంజేయి అట్లా అయిందంటే దాని మీద పడిన ఎండ ఎంతో ఊహించుకోవచ్చు. వేరుశనగ పీకిన ఎండ, ఆముదాలు కోసిన ఎండ, నాపరాయి గనిలో పెంకులు ఎత్తిపోసిన ఎండ. మనం ఆమె ముఖంలో చూసి "వయసు" అనుకునేదాంట్లో సగానికి పైగా పని. మరి అదే ఈడు భూస్వామి భార్య ముఖంలో కనబడేది? ఆమెకు వయసు రాలేదని కాదు, వచ్చింది. వచ్చినంతే కనబడుతోంది.

ఆడవాళ్ళ విషయంలో ఇంకో లెక్క కలుస్తుంది. ముట్లు ఆగిన తొలి ఐదేళ్ళలో చర్మంలోని కొల్లాజెన్‌లో దాదాపు మూడో వంతు పోతుందని వైద్యుల అంచనా. ఈస్ట్రోజెన్ పడిపోవడమే కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం దేశంలో 15–49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి సుమారు ముగ్గురు గర్భసంచి తీయించుకుంటే, ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య దాదాపు తొమ్మిది. అండాశయాలు కూడా తీసేస్తే ముట్లాగే వయసు ఆ ఆపరేషన్ బల్ల మీదే వచ్చేస్తుంది. అవి మిగిలినా కొంత ముందుకు జరుగుతుంది. ముప్పై అయిదేళ్ళకే "సంచి తీపిచ్చుకున్యా" అని చెప్పే ఆడకూలీల ముఖాలు ఎందుకు తొందరగా వాడతాయో అడిగినవాళ్ళు తక్కువ.

ముడత నొప్పి పుట్టించదు, దురద పెట్టదు. అది ఉన్నట్టు మనకు చెప్పేది అవతలివాళ్ళ చూపు. ఆ చూపు కూడా ఒకటి కాదు. నగరంలో ముడత కనబడితే కొందరికి ఉద్యోగం పోతుందన్న భయం. మా పల్లెల్లో పింఛను విషయానికి వస్తే కథ తిరగబడుతుంది. వృద్ధాప్య పింఛనుకు 60 నిండాలి. 2024 నుంచి నెలకు 4,000 రూపాయలు. పుట్టిన తేదీ ఇంట్లో ఎవరికీ తెలియని తరం అది. ఆధార్ తీసే రోజున ఎవరో ఉజ్జాయింపుగా చెప్పిన ఏడాదే ఖాయమైపోయింది, చాలామందికి జనవరి ఒకటో తేదీతో సహా. మొగం చూస్తే డెబ్బై, కార్డు చూస్తే యాభైనాలుగు. "నా మొగం జూడు నాయనా" అని వేడుకునే మనిషికి ముడతే సాక్ష్యం, కానీ ఆ సాక్ష్యం చెల్లదు. పోనీ పింఛను వచ్చినా, రాళ్ళు మోసి అరిగిపోయిన వేళ్ళ ముద్రలు యంత్రం మీద పడవు. వయసును నమ్మనివాళ్ళు చర్మాన్ని మాత్రం అడుగుతారు. మన వ్యవస్థల్లో నాకెప్పటికీ అర్థం కాని తిరకాసు ఇది.

ఇంకో చూపు ఉంది. అది కెమెరాది. సీమ అవ్వల ముఖాలంటే ఫొటోగ్రాఫర్లకు ప్రాణం. నలుపు తెలుపులో, దగ్గరగా, ఒక్కో గీతా లెక్కపెట్టేలా తీసి గోడకు తగిలిస్తారు. కింద "జీవితానుభవం" అనో "భూమాత" అనో పేరు. ఆ ఫొటో ముందు నిలబడి గౌరవంతో తల ఊపేవాళ్ళు ఇంటికి వెళ్ళి రాత్రికి తమ ముఖానికి ఏదో ఒకటి రాసుకునే పడుకుంటారు. ముడత అంత అందమైతే మనకెందుకు వద్దు? ఆమెకు మాత్రమే అది ఎందుకు శోభ? కూలి మనిషి తన ముఖం నున్నగా ఉండాలనుకుంటే దాన్ని షోకు అనడం, డబ్బున్నామె అనుకుంటే స్కిన్ కేర్ అనడం నాకు మింగుడు పడదు. ముఖం ఎవరికైనా ముఖమే.

ఆ కోరికతో ఆమె మెడికల్ షాపుకు పోతుంది. మంగుకు ఏదైనా ఇమ్మంటుంది. చాలా చోట్ల చేతిలో పెట్టేది స్టిరాయిడ్ కలిపిన ట్యూబు. పది రోజుల్లో ముఖం తేటపడుతుంది. ఆరు నెలలకు చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, రాయడం ఆపితే భగ్గుమంటుంది. 2018లో కేంద్రం ఈ స్టిరాయిడ్ పూతలను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. చీటీ అడిగే షాపు ఎక్కడుందో మీకు తెలిస్తే సంతోషం. ఇక పౌడరు సంగతి. అది ముడతల్లో ఇరుక్కుని వాటిని మరింత ఎత్తి చూపిస్తుంది. పౌడరుకు మూలమైన బలపపు రాయి జాతి బేతంచెర్ల వైపు ముద్దవరం గనుల్లోనూ దొరుకుతుంది. దాన్ని తవ్వేవాళ్ళూ ఎండలోనే తవ్వుతారు.

బొటాక్స్ పేరు ఇప్పుడు కర్నూలు దాకా వచ్చింది. అమెరికాలో 2002లో కనుబొమల మధ్య గీతలకు అనుమతి పొందిన ఈ సూది, నరం నుంచి కండరానికి పోయే సంకేతాన్ని మూడు నాలుగు నెలలు ఆపుతుంది. కోపంతో, నవ్వుతో మడతపడే గీతలు దాంతో తగ్గుతాయి. ఎండ వేసిన గీతకు అది మందు కాదు. ఎండ ముడతకు గట్టి రుజువున్న పూతమందు ట్రెటినాయిన్. విటమిన్ ఏ సంతతి. రాత్రిపూట కొద్దిగా రాయాలి, మొదట్లో ఎర్రబడి పొట్టు లేస్తుంది, నెలలు పడుతుంది, గర్భిణులు వాడకూడదు.

ఆ మందు వెనక ఒక జైలు ఉంది. దాన్ని మొటిమల నుంచి ముడతల దాకా నడిపించినవాడు పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ చర్మవైద్యుడు ఆల్బర్ట్ క్లిగ్మన్. 1950ల నుంచి 1974 దాకా ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల వీపుల మీద ఆయన రకరకాల పూతలు, రసాయనాలు పరీక్షించాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లవాళ్ళు. చేతికిచ్చింది కొద్ది డాలర్లు. తొలిసారి ఆ జైల్లో అడుగుపెట్టినప్పుడు తనకు ఎకరాలకొద్దీ చర్మం కనబడిందని, సారవంతమైన చేను చూసిన రైతులా అనిపించిందని ఆయనే ఒక పత్రికకు చెప్పాడు. విశ్వవిద్యాలయం 2021లో, నగరం 2022లో క్షమాపణ చెప్పాయి.

ఇది చదివినప్పుడు నాకు యయాతి గుర్తొచ్చాడు. శుక్రాచార్యుడి శాపంతో మీదపడ్డ ముసలితనాన్ని కొడుకులకిచ్చి వాళ్ళ యవ్వనం అడిగిన రాజు. నన్నయ ఆదిపర్వంలో తెలుగు చేసిన ఈ కథను మనం కోరికకు అంతులేదనే పాఠంగా చెప్పుకుంటాం. నాకు అందులో వేరే సంగతి కనబడుతుంది. అక్కడ ముసలితనం పోదు, చేతులు మారుతుంది. రాజు నున్నబడాలంటే ఇంకొకరు ముడతపడాలి. నలుగురు కొడుకులు వద్దన్నారు, పూరుడు ఒప్పుకున్నాడు. వద్దనగలిగిన ఆ నలుగురి గురించి మనం తక్కువ మాట్లాడతాం. ఖైదీలు కాగితాల మీద సంతకాలు పెట్టారు, నిజమే. వద్దని చెప్పే వీలు లేని చోట పెట్టిన సంతకం ఒప్పుకోలు అవుతుందా?

అన్నిటికన్నా నమ్మకమైన మందు అసలు ఎండ తగలకపోవడమే. ఆస్ట్రేలియాలోని నాంబూర్‌లో 900 మందికి పైగా మనుషులను నాలుగున్నరేళ్ళు గమనించారు. రోజూ సన్‌స్క్రీన్ రాసినవాళ్ళలో చర్మం ముదరడం 24 శాతం తక్కువని 2013లో తేల్చారు. ముఖానికీ మెడకూ పూటకు గ్రాము పైన కావాలి, రోజుకు మూడు సార్లయినా రాయాలి. అంటే 50 గ్రాముల ట్యూబు పక్షం రోజులు కూడా గట్టిగా రాదు. ఒక్కో ట్యూబు మూడు నాలుగు వందలు. 2025–26లో రాష్ట్రంలో ఉపాధి కూలి రోజుకు 307 రూపాయలు. తలకు తువ్వాలు, చేతులకు భర్త పాత చొక్కా తొడుక్కుని పనికి పోయే ఆడవాళ్ళు ఈ లెక్క ఎప్పుడో వేసేసుకున్నారు.

2005 నాటి ఉపాధి హామీ చట్టం రాసినవాళ్ళు పనిచోట తాగునీరు, పిల్లలకు నీడ, విశ్రాంతి వేళలు ఉండాలని రాశారు. నీడ పట్టా ఉన్నా దాని కింద ఎక్కువసేపు కూర్చునేవాళ్ళు అరుదు. కూలి గంటలకు కాదు, తవ్విన మట్టి కొలతకు. కూర్చుంటే కొలత తగ్గుతుంది, కొలత తగ్గితే కూలి తగ్గుతుంది. ఒకప్పుడు వేసవి భత్యమని ఉండేది. ఫిబ్రవరి నుంచి జూన్ దాకా కొలతలో సడలింపు ఇచ్చేవారు, ఏప్రిల్, మే నెలల్లో 30 శాతం. ఎండకు ఒక ధర ఉంటుందని ప్రభుత్వమే ఒప్పుకున్న సందర్భం అది. ఆ ధర కట్టినవాళ్ళు మనిషి అలసటను లెక్కలోకి తీసుకున్నారు, గడ్డపార దిగని గట్టి నేలను తీసుకున్నారు. రవిక అంచు దగ్గర మొదలయ్యే ఆ రెండో వయసును ఏ పద్దు కింద రాయాలి, ఏటికి ఎంతని రాయాలి?