నేలలో దుంప, కాగితంపై బేరం

ఉర్దూ కవులు 'లాలా' అని మురిసిపోయే పువ్వే తులిప్. దాని పుట్టిల్లు మధ్య ఆసియా కొండలు. అక్కడినుంచి ఇరాన్, తుర్కీ తోటలకు చేరింది. 'లాలా', 'అల్లాహ్' రెండింటిలోనూ అవే అక్షరాలు ఉన్నందున ఉస్మానీ తుర్కులు దాన్ని ఆదరించారు, మస్జిదు గోడల పింగాణీ పలకలపై చిత్రించారు. 16వ శతాబ్దంలో దాని దుంపలు ఐరోపా చేరాయి. 1593లో క్లూసియస్ అనే పండితుడు హాలెండ్‌లోని లైడెన్ తోటలో వాటిని నాటాడు.

పువ్వు సృష్టికర్త సూచన. మనిషి దాన్ని జూదపు పావుగా మార్చాడు. 1636-37 చలికాలంలో దుంపలు మట్టిలో ఉండగానే, వాటిని కంటితో చూడనివారు కాగితాలపై చేతులు మార్చుకున్నారు. 1637 ఫిబ్రవరిలో కొనేవారు కరువై ధరలు కుప్పకూలాయి. ముస్లింలూ ఈ మోజుకు అతీతులు కారు. సుల్తాన్ మూడవ అహ్మద్ కాలంలో ఇస్తాంబుల్‌లోనూ దుంపల ధరలకు ప్రభుత్వం హద్దు విధించాల్సి వచ్చింది.

నిజామాబాద్, బోధన్ వాసులకు ఇది పరాయి కథ కాదు. మన పసుపు కూడా నేలలో ఊరే దుంపే. 2004లో ఎన్‌సీడీఈఎక్స్‌లో పసుపు ఫ్యూచర్స్ వ్యాపారం మొదలైంది. సరుకు అప్పగించే కేంద్రం మన నిజామాబాదే. ఆర్మూర్ రైతు పసుపు తవ్వకముందే దాని ధరపై ఎక్కడో బేరాలు సాగుతాయి.

"ఇద్దరికీ ఇష్టమైతే తప్పేమిటి?" అని కొందరు యువకులు అడుగుతారు. జూదగాళ్లు కూడా ఇష్టపడే ఆడతారు కదా! దివ్య ఖుర్ఆన్ (4:29) పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని అనుమతిస్తూనే, ఒకరి సొమ్మును ఒకరు అక్రమంగా తినడాన్ని నిషేధించింది. తన వద్ద లేనిదాన్ని అమ్మవద్దని దైవప్రవక్త (స) హజ్రత్ హకీం బిన్ హిజామ్ (రజి)ను వారించారు.

మరి రైతుకు ముందే సొమ్ము అవసరమైతే? దానికీ ధర్మం దారి చూపింది. మదీనావాసులు పండ్లకు ఏడాది, రెండేళ్ల ముందే సొమ్ము చెల్లించేవారు. ప్రవక్త (స) దాన్ని ఆపలేదు. కొలత, తూకం, గడువు స్పష్టంగా ఉండాలని ఆదేశించారు. ఇదే 'సలమ్'. ఇందులో పూర్తి ధర ముందే రైతు చేతికందుతుంది. ఫ్యూచర్స్‌లో ధర, సరుకు రెండూ వాయిదానే. చాలామంది సరుకు తీసుకోరు, ధరల తేడానే లెక్క చూసుకుంటారు. ధర, సరుకు రెండూ వాయిదా పడే ఇలాంటి ఒప్పందాలు ధర్మసమ్మతం కావని 1992లో జిద్దాలో సమావేశమైన ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది.

సోదరులారా! బేరానికి ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ బేరంతో పసుపు ఎవరి ఇంటికి చేరింది? ఎవరికీ చేరకపోతే, నా లాభం ఎవరి నష్టం?

అల్లాహ్ మనకు హలాల్ సంపాదనను, దానిలో బర్కత్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.