సంకల్పం చెప్పుకున్న దారి

డిసెంబరులో బెంగళూరు నుంచి గండికోటకు బయలుదేరేవాళ్లు దారి, బస, పెట్రోలు ముందే రాసిపెట్టుకుంటే ప్రయాణంలో విస్మయం మిగలదని కొందరంటారు. నేనొప్పుకోను. పూజకు ముందు దేశకాలాలు చెప్పి సంకల్పం చేసుకునేది దేవుణ్ణి కట్టడి చేయడానికి కాదు, మన హద్దు మనం ఎరగడానికి. అనంతపురం మెట్టనేలల మీదుగా వెళ్లేవాడు నీళ్లు నింపుకోవడమూ అంతే. నంది కొండల దగ్గర పుట్టిన పెన్న నది గండికోట దగ్గర ఎర్రమల కొండలను కోసిన తీరు ఏ పట్టికకూ అందదు. పొద్దు వాలకముందే చేరినవాడికి ఆ పొరలుపొరలుగా పేర్చినట్టున్న ఎర్రరాయి, అడుగున నీటి చార నింపాదిగా కనిపిస్తాయి. మరి యాత్రలో భారం దేవుడి మీద వేయాలంటారు కదా? వేయాల్సిందే. అయితే చీకట్లో లోయ అంచున తడుముకోవడం శరణాగతి కాదు. వెంట వచ్చిన పిల్లల ప్రాణాలను పణంగా పెట్టడం.