టీకా ఉచితమే, దినము ఉచితమా?



సోలాపూరు విడీ ఘర్కుల్‌లో మన తెలుగు తల్లులనేకులు బీడీలు చుట్టి బ్రతుకుచున్నారు. వారి కూలి దినమునకు కాదు, వెయ్యి బీడీలకు. సార్వత్రిక టీకాల కార్యక్రమము 1985లో ఆరంభమైనది మొదలు ప్రభుత్వ టీకా ఉచితమే. అయినను జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, 12-23 నెలల పిల్లలలో అన్ని టీకాలు పొందినవారు 2015-16లో నూటికి 62 మంది, 2019-21లో 76 మంది. పేద ఇండ్లలోనే లోటు ఎక్కువ.

"ఉచితమైనను తీసికొని రాలేదు, ఎంత నిర్లక్ష్యము!" అని మనము తీర్పు తీర్చవచ్చునా? వరుసలో నిలిచిన పూట కూలి పోవును. సూది తరువాత బిడ్డకు జ్వరము వచ్చెనా, మరునాడును చాట ఖాళీయే. నెలజీతము గలవారికి సెలవు కలదు, ఆమెకు లేదు. ఒకే టీకాకు ఇద్దరు తల్లులు చెల్లించు వెల ఒకటి కాదు.

తల్లికి బాధ్యత లేదనుట కాదు. కాని బిడ్డ తన యింటిని ఎన్నుకొనలేదు. తట్టు రోగము గుమ్మము చూచి ఆగదు. తొమ్మిది నెలలు నిండినగాని తట్టు టీకా వేయరు గనుక, అంతవరకు మన పసివారికి కూడ ఇరుగుపొరుగు పిల్లల టీకాయే పెద్ద కాపుదల. కావున మనము చేయునది దానము కాదు, ఋణము తీర్చుట. టీకా దినమున తీరిక గలవారము ఆ బిడ్డను ఎత్తుకొని తల్లికి తోడుగా పోవుదము. జ్వరము వచ్చిన దినమున ఆమె చాటయొద్ద కూర్చుండి ఆకు కత్తిరించుదము. తీర్పు తీర్చుటకంటె అది మేలు.