చెప్పుకోలేని చోటు

పలమనేరు దగ్గరి ఊళ్ళో మా చిన్నమ్మ పెరట్లో కూర్చుని చింతపండు గింజలు తీస్తూ ఒక సాయంత్రం నాతో అంది: "పాపా, పైకి చెప్పుకోలేని చోట గడ్డ లేచింది. కూచోలేకుండా ఉండాను."

అప్పటికి నేను స్త్రీవాద కవిత్వంలో శరీరం అనే అంశం మీద సిద్ధాంత గ్రంథం రాస్తున్నాను. అయినా "వేడి చేసుంటుందిలే చిన్నమ్మా, మజ్జిగ తాగు" అని మాట మార్చేశాను. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. బస్టాండు గోడ మీద 'ఆపరేషన్ లేకుండా మొలలు మాయం' అన్న బోర్డు చూసి ఎవరి దగ్గరికో వెళ్ళిందనీ, అతను చూసీ చూడకుండానే మొలలని తేల్చి ఘాటైన మందేదో పూశాడనీ నెల తర్వాత తెలిసింది. అవి మొలలు కావు, చీముగడ్డ. అది భగందరంగా మారి, రెండు సార్లు కోత పెట్టాల్సి వచ్చింది.

అప్పటినుంచి నన్నొక ప్రశ్న వదలడం లేదు. ఆ నెల రోజుల మౌనానికి బాధ్యులెవరు? చెప్పుకోలేకపోయిన ఆమెనా, చెప్పబోతే వినని నేనా?

ముందు ఆనాడు నేను చెప్పి ఉండాల్సినవి చెప్తాను. మలద్వారం దగ్గర నొప్పితో లేచే ప్రతి ఉబ్బూ మొలలు కాదు. ఉన్నట్టుండి నీలంగా, గట్టిగా, బఠాణీ గింజలాగా లేస్తే అది బయటి మొలలో రక్తం గడ్డకట్టడం వల్ల కావచ్చు. మొదటి రెండు మూడు రోజులు నొప్పి ఎక్కువగా ఉండి, తర్వాత మెల్లగా తగ్గుతుంది. విరేచనమప్పుడు కత్తితో కోసినట్టుంటే చాలాసార్లు అది చీలిక, అంటే ఫిషర్. రోజురోజుకీ పెరుగుతూ, సలుపుతూ, జ్వరం తెచ్చేది చీముగడ్డ. దాన్ని కోసి చీము తీయాలి. మాత్రలతో నెట్టుకొస్తే, ముఖ్యంగా షుగర్ ఉన్నవాళ్ళకి, ప్రమాదం. మానినట్టే మాని మళ్ళీ మళ్ళీ కారుతుంటే భగందరం. దాని వెనక ఒక్కోసారి క్షయ, పేగు వాపు జబ్బులు కూడా ఉంటాయి. రక్తం పడినా, గడ్డ తగ్గకపోయినా క్యాన్సర్ కాదని తేల్చుకోవాలి. ఇవేవీ నడవడికకు తీర్పులు కావు. మలబద్ధకం, గర్భం, కాన్పు, మరుగు దొరక్క గంటల తరబడి బిగబట్టుకోవడం - స్త్రీల జీవితంలో వీటికి కొదవేముంది?

సుశ్రుతుడు నయం కావడం కష్టమైన ఎనిమిది మహావ్యాధుల్లో అర్శస్సునూ, భగందరాన్నీ చేర్చాడు. అడ్డం తిరిగిన కాన్పు కూడా ఆ జాబితాలోనే ఉంది. శాస్త్రం పక్కపక్కన కూర్చోబెట్టిన వాటిలో ఒకటి ఆడవాళ్ళ త్యాగమై కథల కెక్కింది. మరొకటి నవ్వులాటై గోడల కెక్కింది. మనమూ ఇందుకు అతీతులం కాము. 1993లో 'నీలి మేఘాలు' వచ్చే నాటికే స్త్రీవాద కవిత్వం గర్భసంచినీ, ప్రసవాన్నీ తెలుగు సాహిత్యంలోకి లాక్కొచ్చి కూర్చోబెట్టింది. ఆ తెగువకు నేను రుణపడి ఉన్నాను. కానీ మనం మాట్లాడిన శరీరం ఎక్కువగా పితృస్వామ్యానికి పనికొచ్చే శరీరమే. మోహానికీ, సంతానానికీ అక్కరకు రాని చోటును వాళ్ళెంత వదిలేశారో మనమూ అంతే వదిలేశాం.

చిత్తూరు నుంచి రోగులు వేలూరు వెళ్ళడం తరాలుగా ఉన్నదే. అక్కడి సి.ఎం.సి. ఆసుపత్రి పుట్టుక వెనక ఒక కథ చెప్తారు. 1890ల్లో తిండివనంలో ఒకే రాత్రి ముగ్గురు భర్తలు విడివిడిగా వచ్చి, కాన్పు కష్టమైన తమ భార్యలకు సాయం చేయమని ఐడా స్కడర్‌ను అడిగారట. ఆమె అప్పటికింకా డాక్టరు కాదు. డాక్టరైన తన తండ్రిని పంపుతానంటే పరాయి మగవాడు తాకడానికి వీల్లేదన్నారు. తెల్లవారేసరికి ముగ్గురు స్త్రీలూ చనిపోయారు. ఆమె వైద్యం చదివి వచ్చి 1900లో ఒక్క మంచంతో వేలూరులో పని మొదలుపెట్టింది. 1918లో ఆడవాళ్ళ కోసం వైద్య పాఠశాల తెరిచింది. ఈ కథను నేను చాలాసార్లు విన్నాను. అందులో ఆ ముగ్గురు స్త్రీలూ ఒక్క మాటైనా మాట్లాడరని ఈ మధ్యే గమనించాను. 'వద్దు' అన్నది భర్తలు. ప్రాణం పోయింది భార్యలకు. సిగ్గు ఆడదాని సొత్తు అంటారు గానీ, దాని తాళం చెవి ఆమె కొంగున ఎప్పుడూ లేదు.

అందుకే "సిగ్గు విడిచి చెప్పండమ్మా" అనే సలహా నాకు మింగుడు పడదు. గోప్యత వేరు, సిగ్గు వేరు. ఎవరికి చెప్పాలో నేను ఎంచుకుంటే అది గోప్యత. ఎవరికీ చెప్పకూడదని లోకం నిర్ణయిస్తే అది సిగ్గు. మొదటిది ఆమె హక్కు, కాపాడాలి. రెండోదాన్ని మోయమని ఆమె మీద పెట్టి, దాన్ని దించుకునే ధైర్యం కూడా ఆమెనే తెచ్చుకోమనడం ఏం న్యాయం? నొప్పితో ఉన్న మనిషి ధీరురాలు కానక్కర్లేదు. ఆమె సగం మాట అన్నా మిగతా సగం అందుకునే వాళ్ళుండాలి.

ఆసుపత్రులకూ ఇదే వర్తిస్తుంది. మగ డాక్టరు పరీక్షిస్తున్నప్పుడు మరొక స్త్రీ పక్కనుండడం రోగి హక్కని, జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేయగా 2018లో కేంద్ర ఆరోగ్య శాఖ ప్రజల ముందుంచిన రోగుల హక్కుల పత్రం చెప్తోంది. ఆ మాట ఓపీ గది తలుపు మీద తెలుగులో ఉంటే ఎంతమందికి కాళ్ళు లోపలికి పడతాయో! నడుము కింద నొప్పి అనగానే ఆడవాళ్ళను కాన్పుల డాక్టరమ్మ దగ్గరికి పంపేస్తారు. ఈ బాధకు వెళ్ళాల్సింది సర్జరీ ఓపీకి, తిరుపతి రుయాలోనైనా, మరెక్కడైనా.

పోయినసారి ఊరెళ్ళినప్పుడు చిన్నమ్మను అడిగాను, "ఆ రోజు నేను మాట మార్చినప్పుడు ఏమనుకున్నావు?" అని. ఆమె కాసేపు ఆలోచించి, "సదువుకున్న దానివి, నువ్వే ఇనలేకపోయినావంటే ఇంగ అది చెప్పే మాట కాదేమో అనుకున్యా" అంది.

నా సిద్ధాంత గ్రంథానికి పట్టా వచ్చింది. ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. వినడం మాత్రం మొదలుపెట్టాను.