కార్డుమీది మాట ఎవరిది?



మేము అత్తిబెలెలో ఉంటూ, ఏ కంపెనీలోనూ ఉద్యోగం లేకుండా, ఇంట్లోనే కంప్యూటరు పెట్టుకొని శుభాకాంక్షల కార్డులు తయారుచేసి బ్రతుకుతున్నవారము. క్రిస్మస్, నూతన సంవత్సరం, పెండ్లి, పుట్టినరోజు, దుఃఖంలో ఆదరణ, ఎవరు ఏది అడిగితే అది చేస్తాము. బొమ్మ మేమే వేస్తాము, మాట మేమే రాస్తాము. డిజైను ఒక్కంటికి ఇంత అని డబ్బు ఇస్తారు. అంతటితో ఆ కార్డుకూ మాకూ సంబంధం తీరిపోతుంది. దానిమీద మా పేరు ఉండదు. ఎవరు కొన్నారో, ఎవరికి పంపారో మాకు తెలియదు. ఈ పనిలో మా మనస్సాక్షిని పట్టుకొని వదలని ఒక ప్రశ్నను మీ ముందుంచాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

రెండేళ్ళ క్రిందట మన సంఘంలోని ఒక పెద్దమ్మ కొడుకు పనిస్థలంలో ప్రమాదం జరిగి ప్రభువునందు నిద్రించాడు. మూడవ రోజున మేము పరామర్శకు వెళ్ళాము. ఆమెకు చదువు రాదు. గూట్లోనుండి ఒక కార్డు తీసి, "ఇందులో ఏం రాసిందో కొంచెం చదివి చెప్పు నాయనా" అని మా చేతికిచ్చింది. చూస్తే అది మేము చేసినదే. లేత నీలిరంగు, ఒక మూల తెల్ల కలువ, లోపల నాలుగు వరుసలు. కాలమే గాయాన్ని మాన్పుతుందని, ధైర్యంగా ఉండమని వాటి భావం. మేము చదివాము. ఆమె కాసేపు ఊరకుండి, "ఇది మా వాణ్ణి గురించి రాసిందేనా?" అని అడిగింది.

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "లేదమ్మా, మూడేళ్ళనాడు ఒక వ్యాపారి అడిగితే మేమే రాశాము. ఎవరికైనా పనికొచ్చేటట్టు రాసింది" అన్నాము.

"కాలం మానుస్తాదని రాసినావే, నీకెట్ల తెలుసు నాయనా?" అంది. ఆమె గొంతులో కోపం లేదు. తెలుసుకోవాలనే అడిగింది. మా దగ్గర జవాబు లేదు. ఆ నాలుగు వరుసలు రాసిన నాడు మేము ఏ గాయాన్నీ తలంచుకోలేదు. ఆ నెల ఇంటి అద్దె తలంచుకున్నాము.

తరువాత ఆమే మమ్మల్ని ఆదరించినట్టుగా ఇలా అంది: "కాగితం ఎవరు రాస్తే ఏమిలే. తెచ్చిన పిల్లోడు రాత్రి డ్యూటీ దిగి తిన్నగా ఇక్కడికే వచ్చినాడు. రెండు బిందెలు నీళ్ళు పట్టిచ్చి, పొద్దెక్కిందాకా నా పక్కనే కూర్చున్నాడు."

ప్రియులారా, ఆ రోజునుండి మా ప్రశ్న ఇది: ఒకరు డబ్బుకు రాసిన మాటను మరొకరు కొని, ఇంకొకరికి తన ప్రేమగా పంపితే, ఆ మాట ఎవరిది? అది సత్యమైన మాటేనా?

కార్డు పుట్టిన కథ కొంచెం చూద్దాం. అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండనులో వచ్చింది. హెన్రీ కోల్ అనే ప్రభుత్వోద్యోగి దానిని వేయించాడు. 1840లో ఇంగ్లండులో ఒక పెన్నీకే ఉత్తరం పోయే ఏర్పాటు రావడంతో ఉత్తరాలు విపరీతంగా పెరిగాయి. అందరికీ జవాబు రాసే తీరిక కోల్‌కు లేకపోయింది. అందుచేత జాన్ కాల్కాట్ హార్స్లీ అనే చిత్రకారునిచేత బొమ్మ వేయించి వెయ్యి కార్డులు అచ్చువేయించాడు. తనకు కావలసినవి ఉంచుకోగా మిగిలినవి షిల్లింగు చొప్పున అమ్మకానికి పెట్టారు. ఎవరికి, ఎవరినుండి అని రాసుకోవడానికి దానిలో ఖాళీ వదిలారు. మధ్య బొమ్మలో ఒక కుటుంబం ద్రాక్షారసపు గ్లాసులెత్తి పండుగ చేసుకుంటుంది. మద్యపానాన్ని వ్యతిరేకించేవారు దానిని చూసి తప్పుపట్టారు. అయితే ఆ బొమ్మకు ఇరుప్రక్కలా ఉన్నవేవో గమనించండి. ఒక ప్రక్క ఆకలిగొన్నవారికి అన్నం పెట్టడం, మరొక ప్రక్క బట్టలేనివారికి బట్ట ఇవ్వడం.

అంటే కార్డు తీరిక లేకపోవడంనుండి పుట్టింది. అయినా మొదటి కార్డే శుభాకాంక్షలకు ప్రక్కనే అన్నమూ బట్టా ఉండాలని చూపింది. ఈ రెండింటిని యాకోబు భక్తుడు ఎంతో ముందే ఒకచోట చేర్చాడు. బట్టలూ ఆ పూట తిండీ లేని సహోదరునికి కావలసినది ఇవ్వకుండా, చలి కాచుకొమ్మని, తృప్తి పొందమని మంచి మాట చెప్పి పంపేస్తే ఏమి ప్రయోజనమని ఆయన అడుగుతాడు (యాకోబు 2:15, 16). ఆ సహోదరునితో చెప్పిన మాట చెడ్డది కాదు. మంచి కార్డుమీద అచ్చువేయదగినదే. ఆ మాట చెప్పినవాని చేయి కదలలేదు, అదే లోపం.

అలాగైతే ఇతరుల మాట వాడుకోవడమే తప్పా? మన బాప్టిస్టు సంఘాలలో కొందరు అలా తలుస్తారు. పుస్తకంలో చూసి చదివే ప్రార్థన మనకు అలవాటు లేదు. హృదయంలోనుండి వచ్చినదే ప్రార్థన అని పెద్దలు మనకు నేర్పారు. అయినా ప్రతి ఆదివారం కీర్తనల పుస్తకం తెరుస్తాము గదా. పురుషోత్తమ చౌదరిగారు 1890లో ప్రభువునొద్దకు వెళ్ళారు. ఆయన రాసిన కీర్తనలు ఈనాటికీ మన నోట ఉన్నాయి. పాడుతూ కన్నీరు పెట్టుకునే తల్లి ఎవరి మాటో అరువు తెచ్చుకున్నానని అనుకోదు. పాడుతుండగా ఆ మాట ఆమెదైపోతుంది.

మన మిషను చరిత్రలోనే మరొక సాక్ష్యం ఉంది. 1853లో అమెరికాలోని ఆల్బనీ పట్టణంలో మిషను వార్షిక సభ జరిగినప్పుడు, ఫలితం లేని నెల్లూరు పనిని ఆపివేయాలన్న ప్రశ్న వచ్చింది. పటంమీద ఒంటరి నక్షత్రంలా ఉన్న ఆ స్థలాన్ని గూర్చి శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే దైవసేవకుడు ఆ రాత్రే పద్యం రాశాడు. మరునాడు దానిని చదవగా సభ కదిలిపోయింది, మిషను నిలిచింది. ఆయన అప్పటికి నెల్లూరును కన్నులతో చూడలేదు. అయితే పద్యం ఒక్కటే మనకు సువార్త తెచ్చిందా? అప్పుడు నెల్లూరులో లైమన్ జూయెట్ దంపతులు విడువకుండా పనిలో ఉన్నారు. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురం పెట్టారు. ఒకరు రాశారు, మరికొందరు ఆ మాట వెంట తమ బ్రతుకు పెట్టారు.

అపొస్తలుడైన పౌలు రోమా పత్రికను చేతితో రాసినవాడు తెర్తియు (రోమా 16:22). దానిని రోమాకు తీసుకువెళ్ళినది సహోదరి ఫీబే అని పండితులు తలుస్తారు. చెప్పినది ఒకరు, రాసినది ఒకరు, మోసినది ఒకరు. అయినా వందన వచనం మాత్రం తన చేతితోనే రాస్తానని, ప్రతి పత్రికకూ అదే గుర్తు అని పౌలు మరొక సంఘానికి చెప్తాడు (2 థెస్సలొనీకయ 3:17). మాకు దొరికిన జవాబు ఇక్కడున్నది. మాట అరువుదైనా ఫరవాలేదు, దాని క్రింద మన చేయి ఉండాలి. పెద్దమ్మకు వచ్చిన కార్డులో నాలుగు వరుసలు మావి. రెండు బిందెల నీళ్ళు ఆ యువకునివి. ఆ నీళ్ళే మా మాటను నిజం చేశాయి.

అయితే రాసేవాని బాధ్యత దీనితో తీరదు. మాకు తెలియనిదానిని తెలిసినట్టు రాయడం ఆ రోజుతో మానుకున్నాము. ఇప్పుడు ఆదరణ కార్డులో, మీ దుఃఖంలో మేము తోడున్నామని మాత్రమే రాసి, కుడివైపు పేజీ అంతా ఖాళీగా వదులుతున్నాము. ఒక వ్యాపారి, "ఖాళీ కాగితానికి డబ్బు ఎవరిస్తారండీ?" అని ఆ డిజైన్లు వాపసు ఇచ్చేశాడు. ఆయన మాటలోనూ కొంత నిజముంది. కొనేవారికి ఏమి రాయాలో తోచకనే కార్డు కొంటారు. ఆ సంవత్సరం మాకు పని తగ్గింది. అయినా ఖాళీ పేజీని తిరిగి నింపడానికి మాకు మనసు ఒప్పలేదు.

ఇప్పుడు కార్డులు కొనేవారే తక్కువ. పండుగనాడు సెల్‌ఫోనులో ఒక బొమ్మ వస్తే, దానినే ఒక్క నొక్కుతో రెండువందల మందికి పంపుతున్నాము. దూరాన ఉన్నవారికి అదీ మేలే, మేము దూషించడం లేదు. కాని హోసూరు రోడ్డుకు ఈ ప్రక్కనుండి ఆ ప్రక్కకు కూడా బొమ్మే పంపుతున్నామా అని మనల్ని మనం పరీక్షించుకుందాం. ఊరు విడిచి వచ్చిన మనకు ఇక్కడ మేనమామ ఇల్లు లేదు, పిన్నమ్మ ఇల్లు లేదు. మనకు మనమే బంధువులము.

అందుచేత మా మనవి ఇంతే. ఈ క్రిస్మస్‌కు మీరు పంపే ప్రతి కార్డులో, ప్రతి సందేశంలో, ఆ మనిషి పేరు రాయండి. ఆయనకు మాత్రమే చెప్పగలిగిన ఒక్క వరుస మీ సొంతంగా రాయండి. నడిచిపోగల దూరమైతే తపాలాకు వేయకండి, తీసుకొని వెళ్ళండి. గడప దగ్గర నిలబడి ఇచ్చి వచ్చేయకుండా, ఇంట్లో నీళ్ళున్నవో లేవో చూడండి.

పెద్దమ్మ ఇప్పటికీ ఆ కార్డును గూట్లోనే దాచుకుంది. మొన్న వెళ్ళినప్పుడు మళ్ళీ చదవమంది. మా నాలుగు వరుసలు వదిలేసి, అడుగున వంకరటింకర అక్షరాలతో ఆ యువకుడు రాసిన తన పేరు మాత్రం చదివాము. "ఆఁ, ఆ పిల్లోడే" అంది.

ప్రభువు మీ అందరికీ తోడైయుండును గాక.

ఆయన సేవలో మీ సహోదరులు,
అత్తిబెలె