పొరుగువాని రక్తమునొద్ద మౌనము

హత్య చేయనివాడు హత్య విషయమై నిర్దోషియేనా? చంపినవాడెవడో ఎరిగియు పెదవి విప్పని పొరుగువాడు, తన చేతులకు రక్తము అంటలేదని దేవుని యెదుట చెప్పుకొనగలడా?

ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయములో ఇట్టి సందర్భమే కలదు. పొలములో శవము కనబడినది, చంపినవాడు తెలియదు. అప్పుడు పెద్దలును న్యాయాధిపతులును శవమునుండి చుట్టునున్న ఊళ్లవరకు దూరము కొలిపింపవలెను. సమీపమైన ఊరి పెద్దలు ఒక పెయ్యను ఏటి లోయకు తోలుకొనిపోయి, దాని మెడ విరుగతీసి, దానిపైని చేతులు కడుగుకొని, తాము ఆ రక్తమును చిందింపలేదనియు, తమ కన్నులు దానిని చూడలేదనియు పలుకవలెను. దోషి దొరకకపోయినను మృతుని సంగతి ముగియలేదు. సమీపమున నుండుటయే ఒక బాధ్యత. అంతేకాదు, చూచినవాడు ఆ మాట పలుకజాలడు. సాక్షియై యుండియు తెలియజేయనివాడు దోషము భరించునని లేవీయకాండము 5:1 బోధించుచున్నది.

ఈ బాధ్యతను మన కాలములో ఒక నగరపు కాపరులు కష్టముగా నేర్చుకొనిరి. అమెరికాలోని బోస్టన్‌లో 1990లో 152 హత్యలు జరిగెను. తుపాకి పట్టినవారిలోను, దానికి బలియైనవారిలోను అనేకులు యౌవనులే. 1992 మే నెలలో మార్నింగ్ స్టార్ బాప్టిస్టు సంఘములో, కాల్పులలో మరణించిన ఒక యౌవనుని భూస్థాపన ఆరాధన జరుగుచుండగా, ముఠా యువకులు లోపలికి చొరబడి సమాజము యెదుటనే ఒకనిని కత్తితో పొడిచిరి. వీధిలోనికి వెళ్లని సంఘమునొద్దకు వీధియే వచ్చినది.

అప్పుడు రే హామండ్, జెఫ్రీ బ్రౌన్, యూజీన్ రివర్స్ మొదలగు కాపరులు టెన్ పాయింట్ కూటమిని స్థాపించి, రాత్రివేళ వీధులలో నడచుచు, బోధించుటకు ముందు యౌవనుల మాటలు వినిరి. పోలీసుల అన్యాయమును ఖండించుట మానకయే, ప్రాణములు తీయు కొద్దిమందిని ఆపుటకు వారితో చేయి కలిపిరి. 1996లో అధికారులును సమాజసేవకులును కాపరులును ముఠాలవారితో ముఖాముఖిగా మాటలాడి, కాల్పులు ఆగవలెననియు, మానుకొనువారికి సహాయము కలదనియు తెలిపిరి. 1999లో హత్యలు 31కి తగ్గెను. ఆ దశాబ్దములో ఇతర నగరములలోను హత్యలు తగ్గినవి గనుక ఘనతయంతయు సంఘమునకే ఆపాదింపరాదు. 2000 తరువాత ఆ సహకారము సడలెను, హత్యలు మరల పెరిగెను. ఇది ఒకసారి చేసి విడిచిపెట్టదగిన పని కాదు.

అయినను ఒక ఆక్షేపణ నిలుచుచున్నది. అధికారులకు సంగతి చెప్పుట చాడీలు చెప్పుట కాదా? తనవారిని అప్పగించుట కాదా? లేవీయకాండము 19:16 ఈ రెంటిని ఒకే వచనములో వేరుపరచినది. మొదట కొండెములు చెప్పుచు తిరుగుటను నిషేధించినది. వెంటనే పొరుగువాని రక్తమును గూర్చి ఆజ్ఞాపించినది. ఈ రెండవ భాగమున మన తెలుగు అనువాదము ప్రాణహాని తలపెట్టుటను చూపుచున్నది. హెబ్రీ మూలములోనున్న క్రియకు 'నిలుచుట' అని అర్థము. పొరుగువాడు ప్రాణాపాయములో నుండగా ఊరక నిలువరాదని యూదుల బోధకులు దానిని వివరించిరి. కొండెము పొరుగువానిని నాశనము చేయును. సాక్ష్యము పొరుగువానిని కాపాడును. పరువు చెరుపు మాట మనకు సులభము, ప్రాణము నిలుపు మాట భారము. ఈ తారుమారే మన పాపము.

అయితే భయమువలన మౌనముగా నున్న తల్లిని ప్రసంగపీఠమునుండి గద్దించుట న్యాయము కాదు. హంతకుడు ఆమె యెదుటి ఇంటివాడే కావచ్చును. మన దేశములో సాక్షుల రక్షణ పథకమును 2018 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆమోదించినది. అది మేలైన ఏర్పాటు. కాని చట్టము ఆమె గుమ్మమునొద్ద తెల్లవారువరకు కూర్చుండదు. న్యాయస్థానమునకు ఆమెతోకూడ నడువని సంఘము, ఆమెను ఒంటరిగా సాక్ష్యమిమ్మని అడుగ తగదు.

హంతకుని సంగతి యేమి? హేబెలు రక్తపు మొరను ఆలకించిన దేవుడే, కయీనును ఎవడును చంపకుండునట్లు అతనికి గురుతు వేసెను. సత్యము పలుకుట పగతీర్చుకొనుట కాదు. మరియొక తమ్ముడు పొలములో పడకుండునట్లు అడ్డుపడుటయే. కావున ప్రియ చదువరులారా, మన ఊరిలో రక్తము చిందినప్పుడు చేతులు కడుగుకొనుటకు ముందు దూరము కొలిచి చూచుకొందము.